తొమ్మిది మిషన్లలో బ్రహ్మచారి

బ్రహ్మచారికి పెళ్ళయి పదిహేనేళ్ళు, ఇద్దరు పిల్లలు. పేరు విని నవ్వేవాళ్ళను చూసి విసుక్కోవడం కూడా అతను మానేసి చాలా కాలమైంది. పుట్టింది బోయిగూడలో, ఉండేదీ బోయిగూడలోనే. తండ్రి వడ్రంగి, ఇళ్ళకు తలుపులు చేసేవాడు. కొడుక్కీ ఒక రకంగా తలుపుల పనే దొరికింది, కాకపోతే ఆ తలుపులు ఎవరికీ కనబడవు.

పద్మారావు నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్. మెట్ల కింద ఇరుకు గదిలో సర్వర్. అందులో తెర మీద కనబడకుండా ఎప్పుడూ నడిచే ప్రోగ్రాం ఒకటుంది. మనవాళ్ళెవరు, ఎవరి పాస్‌వర్డ్ ఏది, ఎవరు ఏ ఫోల్డర్ తెరవచ్చు, అన్నీ దానికే తెలుసు. రిసెప్షన్ అమ్మాయి దగ్గర్నుంచి యజమాని డాక్టర్ రామ్మోహనరావు దాకా దాన్ని అడగందే ఎవరికీ ఏదీ తెరుచుకోదు. మూడు బ్రాంచీల్లో ఏ మిషన్ మీద ఏ స్కాన్ తీసినా అది దాని దగ్గరికే వచ్చి చేరాలి. నడిచినన్నాళ్ళూ అలాంటిదొకటి ఉందని ఒక్కరికీ గుర్తుండదు. ఆగిందా, అందరి నోటా ఒకటే పేరు, దాన్ని చూసుకునే బ్రహ్మచారిది!

పన్నెండేళ్ళుగా ఇదే బతుకు. వేములవాడలో కూతురి పుట్టువెంట్రుకలు తీయించిన ఫోటో ఇంట్లో గోడకుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, భార్య అనుపమ పిల్ల తల కదలకుండా పట్టుకుంది, ఈ మహానుభావుడు చెవికి ఫోన్ పెట్టుకుని అటు తిరిగి ఉన్నాడు. సినిమాకు వెళ్తే తలుపు పక్క సీటే కావాలి. నిజం చెప్పొద్దూ, మొదట్లో అతనికి అదంతా గొప్పగానే ఉండేది. "నేన్లేకుంటే నడవదు" అని చుట్టాల దగ్గర చెప్పుకునేవాడు కూడా. తర్వాత ఆ మాటే మెడకు చుట్టుకుంది.

చివరికి నేరేడ్‌మెట్‌లో ఒక శిక్షణ సంస్థలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఐదింటికి గంట కొడితే ఫోన్ ఆపేసుకోవచ్చు. సోమవారం పదింటికి మొదటి క్లాసు. ఆ వేళకు లేకపోతే జాబితాలో రెండో మనిషిని పిలుస్తామని ముందే చెప్పారు.

శనివారం సెంటర్లో శాలువా కప్పారు. అతని చోట్లోకి వచ్చిన హేమచంద్రకు నలభై పేజీల నోట్సు రాసిచ్చాడు. ఇక మిగిలింది ఒక్క పని. మానేసినవాళ్ళ పేరు ఆ సాయంత్రమే సర్వర్లోంచి పూర్తిగా తీసెయ్యాలన్నది బ్రహ్మచారి పెట్టిన నియమమే.

"మీ పేరు నా చేత్తో తీయాలంటే ఏదోలా ఉందండీ" అన్నాడు హేమచంద్ర.

"తీసెయ్ తమ్మీ. పన్నెండేండ్ల సంది ఆడనే ఉన్న. జెర బయటికి పంపు."

పేరు పోయింది. ఆ సాయంత్రం దారిలో జిలేబీ కొనుక్కుని, పాట పాడుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

సోమవారం తొమ్మిదిన్నరకు నేరేడ్‌మెట్‌లో, సంస్థ ఆఫీసు గుమాస్తా నాగజ్యోతి రిజిస్టర్ అతని ముందుకు జరిపింది. పెన్ను చేతిలోకి తీసుకున్నాడో లేదో ఫోన్ మోగింది. ఎత్తకుండా ఉండాల్సింది. అలవాటు ఊరుకుంటుందా!

"చారి సార్, పరేషాన్ అయితున్నది" అంది ఎలీసబెతు, సెంటర్లో సీటీ మిషన్ చూసే ఆమె. "తొమ్మిది మిషన్లల ఒక్కటి సుత సర్వర్లకు పోతలేదు. పాత స్కాన్లు తెరుచుకుంటలేవు. గీ పేరు గల మనిషి లేడంటున్నది."

"ఎవరి పేరు?"

"మీదే సార్."

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కింద, సెంటర్ తెరిచే రోజు. ముహూర్తం ముంచుకొస్తోంది. లోపలికి వెళ్ళడానికి మిషన్లకు వేరే ఒక పేరు పెట్టాలి. అంత టైం ఎక్కడిది? బిగించడానికి వచ్చిన మిషన్ల కంపెనీల ఇంజినీర్లతో తన పేరూ తన పాస్‌వర్డే వాటన్నిటికీ కొట్టించేశాడు. రేపు మారుద్దాం అనుకున్నాడు. తర్వాత కొన్న మిషన్లకూ అదే. ఆ రేపు ఇంతవరకూ రాలేదు, నలభై పేజీల్లోకీ ఎక్కలేదు. శనివారం సాయంత్రం మిషన్లు అప్పటికే లోపల ఉన్నాయి కాబట్టి ఏమీ తెలియలేదు. ఆదివారం సెంటర్‌కు సెలవు. ఈ పొద్దున ఆన్ చేస్తే సర్వర్ వాటిని గుమ్మంలోనే ఆపేసింది.

హేమచంద్ర ఫోన్ అందుకున్నాడు. "అదే పేరుతో మళ్ళీ కొత్తగా పెట్టనా సార్?"

"పెట్టినా ఫాయిదా లేదు తమ్మీ. పేరొక్కటే గాని సర్వర్‌కు ఆడు వేరే మనిషి. పాత ఫోల్డర్లు ఆనికి తెరువది. శనివారం పొద్దుగాల తీసి పెట్టిన కాపీల కెళ్ళి పాతోణ్ణే లేపాలె."

"ఎలాగో చెప్పండి, చేస్తాను."

చెప్పడం మొదలుపెట్టి ఆగిపోయాడు. ఒక్క అక్షరం తప్పు కొడితే సిబ్బంది అరవై మంది పేర్లూ గల్లంతే. ఇంతలో డాక్టర్ గారి గొంతు వినబడింది. "ఏమయ్యా! పోయిన నెల తలకు ఆపరేషన్ అయిన ఆవిడ మళ్ళీ పడిపోయింది. బల్ల మీద పడుకోబెట్టాం. పాత స్కాన్ పక్కన పెట్టుకోకుండా నేనేం చెప్పను? తిట్టుకుంటే తిట్టుకో, వచ్చెయ్."

బ్రహ్మచారి నాగజ్యోతి వైపు తిరిగాడు. "మేడం, సంతకం పెట్టి పోయి ఒక్క గంటల వస్త. ఒక మనిషి పానం మీదికొచ్చింది."

ఆమె నిజంగానే బాధపడింది. "ముప్పై మంది కూచున్నారు సార్. సంతకం పెడితే ఉండాలె. నా చేతిల ఏం లేదు."

పెన్ను రిజిస్టర్ మీద పెట్టేశాడు. బండి నడుపుతూ దారంతా తనను తానే తిట్టుకున్నాడు. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుందామంటే ఒక్కడూ దొరకలేదు. పేరు ఇచ్చింది తనే, తీసెయ్యమన్నదీ తనే.

పదీ నలభైకి పాత స్కాన్ తెరుచుకుంది. డాక్టర్ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి, అప్పటికప్పుడు ఆవిడను ఆపరేషన్‌కు పంపించాడు. సరిగ్గా అప్పుడే నేరేడ్‌మెట్ నుంచి సందేశం వచ్చింది. రెండో మనిషి వచ్చి చేరాడట.

మిషన్లలో పేరు మార్చాలంటే ఆ కంపెనీల ఇంజినీర్లే రావాలి. ఎప్పుడొస్తారని అడిగితే, చూస్తామన్నారు.

"అంతవరకు నీ పేరు తీయలేం, నువ్వూ ఉండాల్సిందే కదయ్యా. శాలువా వెనక్కి అడగన్లే" అన్నాడు డాక్టర్. అందరూ నవ్వారు. బ్రహ్మచారీ నవ్వాడు, కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

సాయంత్రం మెట్ల కింద గదిలో కూర్చుని, లోపల ఇంకా ఎవరెవరున్నారో చూపించే జాబితా తెరిచాడు. సిబ్బంది పేర్లు ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చాయి. రిసెప్షన్ వెళ్ళిపోయింది, ఎలీసబెతు వెళ్ళింది, హేమచంద్ర వెళ్ళాడు. చివరికి మిగిలింది ఒకటే పేరు, తొమ్మిది సార్లు.

ఫోన్ మోగింది. అనుపమ. "క్లాసు అయిపోయింది గదా, బయల్దేరినవా?"

అతను ఆ తొమ్మిది వరసల వంకే చూస్తున్నాడు.

"బయల్దేరిన" అన్నాడు.