వెంకాయమ్మ ఇల్లు, బుడాన్ రేడియేటరు

చీరాల లారీ షెడ్డులో కారే రేడియేటర్లకి మాటు వేసే బుడాన్‌కి పనితనం ఎంతుందో పొగరూ అంతే ఉండేది. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో నేర్చిన చెయ్యి. తన పనికి వంక పెట్టినవాణ్ణి మళ్లీ షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు. అయినా లారీవాళ్లు అతని దగ్గరికే వచ్చేవాళ్లు. ఏం చేస్తారు మరి, అలాంటి మాటు ఇంకొకడు వేయలేడాయె.

యాభై ఎనిమిది వేసవిలో చేనేత చీరల వ్యాపారి రోశయ్య తన వ్యాను తెచ్చాడు. మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత అంబులెన్సు అది. లోపల చెక్క మంచం, చీరల బీరువా, పొయ్యి పెట్టించుకుని, భార్య వెంకాయమ్మతో తిరునాళ్లకి తిరిగేవాడు. కాపురమంతా అందులోనే.

"పది మైళ్లు పోతే మరిగిపోతోంది బుడానూ. ఈసారి ప్రత్తిపాడు దాకా ఆగకుండా పోయిందా సరే. లేదంటే పాత ఇనుముకి అమ్మేసి మా అన్నల ఇంటికి పోతాం," అన్నాడు.

వెంకాయమ్మ మొహం మాడిపోయింది. నలుగురు తోడికోడళ్లున్న ఆ ఇంట్లో పదేళ్లు పడింది పాపం. తనదంటూ పొయ్యి వెలిగించుకున్నది ఈ వ్యానులోనే.

బుడాన్ పాత రేడియేటరు తీసేసి లారీది, మందపాటిది బిగించాడు. నాలుగు రెక్కల ఫ్యాను బదులు ఆరు రెక్కలది పెట్టాడు. గాలి పక్కలకి పోకుండా దాని చుట్టూ రేకు గూడు కట్టాడు. "ఇక ఎంత ఎండకీ దీనికి చెమట కూడా పట్టదు," అని బడాయి పోయాడు.

ముగ్గురూ బయల్దేరారు. పర్చూరు చేరకముందే ఆవిరి తన్నుకొచ్చింది. రోశయ్య బిందె తీసుకుని దూరంగా ఉన్న బావికి నడిచాడు. తిట్టినా బాగుండేది. బుడాన్‌కి తల కొట్టేసినట్టయింది.

ఇంజను చల్లారాక కింది గొట్టం ఊడదీస్తే తెల్లటి జిగురు ముద్దలు జారాయి. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. గంజి.

"నేనే పోశానన్నా," అంది వెంకాయమ్మ. "పాతది కారుతుంటే అమ్మేస్తారేమోనని భయమేసింది. నూలుకి గంజి పెడితే పోగు గట్టిపడుతుంది గదా, ఇదీ ఆగుద్దనుకున్నా."

పాత రేడియేటరు పోయినా, ఇంజనులో పేరుకున్న గంజి కొత్తదాంట్లోకి దిగిందన్నమాట. బుడాన్‌కి ఒళ్లు మండింది.

"ఇంజనంటే మగ్గమనుకున్నావా తల్లీ?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆయనకి తెలిస్తే ఇక ఈ బండి ఉంచడన్నా."

అంతలో రోశయ్య బిందెతో వచ్చాడు. "ఏమిటి దీని రోగం?"

బుడాన్ ముద్దలు మట్టిలోకి తోసి చెయ్యి తుడుచుకున్నాడు. "నాదే పొరపాటు రోశయ్య గారూ. ఇంజను లోపల కడక్కుండా కొత్తది బిగించాను. పాత మడ్డి అడ్డం పడింది. బట్టల సోడాతో కడిగి ఇస్తాను."

రోశయ్య దారి పొడుగునా తిట్టాడు. బుడాన్ ఆ తిట్లన్నీ పడ్డాడు. ఇంజను కడిగిచ్చాక, మూడో రోజు వ్యాను ప్రత్తిపాడు దాకా ఎక్కడా ఆగలేదు. అమ్మే మాట రోశయ్య మళ్లీ ఎత్తలేదు.

కానీ ఆయన నోరు ఊరుకుంటుందా? తిరునాళ్లన్నిటా బుడాన్ చేసిన తప్పు చెప్పుకొచ్చాడు. రెండు లారీలు వేరే షెడ్డుకి పోయాయి. ఆఖరికి ఆ మాట బుడాన్ భార్య సర్దార్‌బీ చెవిన పడింది.

"ఇంజను కడక్కుండానే బిగించారంట, నిజమేనా?" అంది అన్నం వడ్డిస్తూ.

"నిజమే," అని బుడాన్ తలొంచుకుని తిన్నాడు.