కుంకుమ పెట్టిన కంప్యూటరు

బందరులో నేను పాఠాలు చెప్పిన కాలేజీకి ఆన్‌లైన్ కోర్సు వచ్చిన ఏడాది, దసరా సెలవులకు ముందురోజు మా అటెండరు కంప్యూటర్లకు కుంకుమ పెట్టి గదికి తాళం వేశాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదట. నాగాయలంక నుంచి వచ్చే విద్యార్థిని ఒకామె ఆ సాయంత్రంలోగా ఆ కోర్సు పరీక్ష జవాబులు కంప్యూటర్లో పంపకపోతే ఆమె ఏడాది చదువు వృథా. మూఢనమ్మకాల మీద నేను అరగంట వాదించాను.

"మీరు దేవుడే లేడంటారు. మీతో ఏం మాట్లాడతామండీ," అన్నాడతను.

ఆ అమ్మాయి నెమ్మదిగా అంది: "మా నాన్న పడవకి కొబ్బరికాయ కొట్టి ఆ పూటే వేటకెళ్తాడు బాబాయ్. కట్టేసి ఉంచితే చేపలొస్తాయా?"

అతను నవ్వి తాళం తీశాడు. ఆమె కుర్చీ వెనకే నిలబడి, "వెళ్ళాయా అమ్మా?" అని నాకంటే ఆత్రంగా రెండుసార్లు అడిగాడు.

వెళ్ళాయి.