రెండు కప్పుల మీద రెండు పేర్లు

క్రీస్తులో నాకు తోబుట్టువులైన సహోదరులారా, సహోదరీలారా! ఈ సాక్ష్యం మన సంఘ పత్రికకు రాసివ్వమని పాస్టరు అయ్యగారు ఎప్పటినుంచో అడుగుతున్నారు, ఇదిగో రాస్తాను అదిగో రాస్తాను అంటూ నేనే తప్పించుకు తిరిగాను, ఎందుకంటే ఇందులో మూత్రం కప్పు గురించి రాయాలి, అది లేకుండా నాకు సాక్ష్యమే లేదు! పత్రికలో ఈ మాటలేమిటని ముక్కు మీద వేలేసుకునేవారు వేసుకోండి గాని, నా దేవుడు నన్ను ఆ కప్పులోనే పట్టుకున్నాడు. దేవునికే మహిమ!

నా పేరు కరుణ. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపునుంచి సముద్రం దాటి ఈ దేశంలోని సుంగై సిపుట్ రబ్బరు తోటలకు కూలికి వచ్చినవారు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నన్ను చంకనేసుకుని క్లాంగ్ పట్నం వచ్చి ఒక బడి క్యాంటీన్‌లో వంటకు కుదిరింది, ఆ ఊళ్ళోనే ప్రభువును తెలుసుకుంది. అమ్మ పేరు అప్పలనరసమ్మ. బాప్తిస్మం రోజున పేరు మార్చుకుంటావా అని ఎవరో అడిగితే, "మా అయ్య ఎట్టిన పేరు లా, దేవుడికి ఈ పేరుతోనే తెలుసు నాను" అని, ఈ దేశపు వాళ్ళలాగే మాట చివర "లా" తగిలిస్తూ అన్న మనిషి ఆమె. శుక్రవారం ఉపవాసం తప్పదు, టీ తాగదు, తలనొప్పికి మాత్ర కూడా మింగదు, అంతా ప్రార్థనే!

ఇక నా చీకటి రోజులు. పదో తరగతి దాటినప్పటినుంచి నర్సు కావాలని నా ఆశ, కాని ముందు ఇల్లు గడవాలి కదా, అందుకని చేతి తొడుగులు తయారుచేసే ఫ్యాక్టరీలో పన్నెండు గంటల షిఫ్టుకు చేరాను, షిఫ్టు అవగానే సైన్సు క్లాసుకు పరుగెత్తేదాన్ని, క్లాసులో తల బల్లమీద వాలిపోయేది. పక్క లైన్లో పనిచేసే అమ్మాయి ఒక మాత్ర ఇచ్చి, ఇది వేసుకుంటే నిద్ర రాదు అంది. వేసుకున్నాను. సహోదరులారా, నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు దేవదూత ఎదురైనట్టే అనిపించింది! పుస్తకం మొత్తం ఒక్క ఊపున చదివేశాను. ఆ తర్వాత వారానికి ఒకటి, తర్వాత షిఫ్టుకు ఒకటి, తర్వాత మాత్ర లేకపోతే మంచం దిగలేను. రెండేళ్ళు! పళ్ళు కొరుక్కునేదాన్ని, బుగ్గలు లోపలికి పోయాయి, అన్నం పెడితే అమ్మ మీద విసుక్కునేదాన్ని, ఆదివారం కీర్తన పాడుతుంటే నా గొంతు నాకే పరాయిదిలా వినిపించేది. అమ్మ మాత్రం పాపం, పని ఎక్కువై పిల్ల చిక్కిపోయింది అనుకుని నా పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేసేది.

అంతలో నర్సింగ్ కాలేజీనుంచి ఉత్తరం వచ్చింది, సీటు ఇస్తామని! అమ్మ ఆ ఉత్తరాన్ని బైబిలులో పెట్టుకుని నలభై రోజుల ఉపవాసం మొదలుపెట్టింది, సాయంత్రం ఒక పూట గంజి తప్ప ఏమీ ముట్టదు. కాని ఉత్తరం వెనక ఒక ఫారం ఉంది, క్లినిక్‌లో వైద్య పరీక్ష చేయించుకుని తేవాలి, అందులో మత్తు పదార్థాల పరీక్ష కూడా ఉంది, నా మాత్రలూ ఆ లెక్కలోకే వస్తాయి. ఎందుకుండదు చెప్పండి! నొప్పితో మూలిగే రోగికి ఇచ్చే మత్తు మందుల బీరువా తాళం రేపు నర్సు చేతిలో ఉంటుంది, ఆ చెయ్యే మత్తులో ఉంటే ఆ రోగి గతి ఏమిటి? ఈ మాట ఇవాళ తెలుస్తోంది నాకు, ఆ రోజు మాత్రం ఆ ఫారాన్ని ఉత్తరంనుంచి విడదీసి నా సంచీలో దాచాను.

అప్పుడు చేశాను, సహోదరీలారా, మన విశ్వాసులే చేయగల తప్పు! శుభ్రమైన మూత్రం కావాలంటే ఎవరిని అడగాలి అని ఆలోచించాను. నాకు తెలిసిన లోకంలో అందరికంటే పరిశుద్ధురాలు ఎవరు? మా అమ్మ! ఉపవాసం ఉండే మనిషి, మాత్ర ఎరగని మనిషి, ప్రార్థనతో కడిగిన ఒళ్ళు, ఆమె దాంట్లో ఏం దొరుకుతుంది! క్లాసులో పరీక్షించడం నేర్పుతారట, ఇంటినుంచి తెమ్మన్నారు అని అమ్మకు అబద్ధం చెప్పాను. అమ్మ ఎంత సంతోషపడిందో! "నా నీళ్ళతో నా పిల్ల డాక్టరు సదువు సదువుతాది" అని సీసా ఇస్తూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకుంటాను.

ఆ మంగళవారం క్లినిక్‌కు వెళ్ళేముందు నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, ఈ ఒక్కసారి దాటించు, ఇంకెప్పుడూ ముట్టను, నీకు మాటిస్తున్నాను!" ఆ క్లినిక్‌లో అన్నీ కట్టుదిట్టమే. ముందు గుర్తింపు కార్డు చూస్తారు, వాడుతున్న మందులేమైనా ఉంటే చెప్పమంటారు, సంచీ బయట పెట్టమంటారు, టాయిలెట్‌లో కలుపుకోవడానికి వీలు లేకుండా నీళ్ళకు నీలం రంగు వేస్తారు, కప్పుకు పక్కన వేడి చూపే పట్టీ అంటించి ఉంటుంది. ఇవన్నీ నేనెలా దాటానో రాయను, పిల్లలు చదువుతారు. దాటాను. కప్పు మీద కాగితం అంటించి, నా పేరు చూపించి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నా పేరు, అమ్మ నీళ్ళు. దేవుడు దాటించేశాడని బస్సులో స్తోత్రం కూడా చెప్పాను, ఎంత గుడ్డిదాన్నో చూడండి! గెలిచానన్న సంబరంలో ఆ సాయంత్రమే ఇంకో మాత్ర వేసుకున్నాను.

గురువారం క్లినిక్‌నుంచి ఫోను. మత్తు పరీక్షలో ఏమీ లేదు. కాని ఆ ఒక్క కప్పులోనే చక్కెర, ప్రోటీన్ కూడా చూస్తారట! అది నాకు తెలియదు. మత్తు ఒక్కటే చూస్తారనుకున్నాను. నీ మూత్రంలో చక్కెర ఉంది, ప్రోటీన్ బాగా పోతోంది, ఇరవైరెండేళ్ళ పిల్లకు ఇలా ఉండకూడదు, కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో, శనివారం వచ్చి మళ్ళీ ఇవ్వు అన్నారు. నాకు మొదట నవ్వొచ్చింది. నాకేంటి, చక్కెరేంటి అనుకున్నాను. ఆ తర్వాత, సహోదరులారా, నవ్వు నోట్లోనే ఉండిపోయింది. అది నా మూత్రం కాదు కదా! ఈ లోకంలో ఆ సంగతి తెలిసినది నేనొక్కదాన్నే. అమ్మ కాళ్ళు సాయంత్రానికి ఉబ్బుతున్నాయి, క్యాంటీన్‌లో నిలబడి పనిచేస్తే అంతే అనేది, నీళ్ళు తెగ తాగేది, ఉపవాసం కదా అనుకునేదాన్ని. ఎంత గొప్ప దేవుడు! నా అబద్ధాన్ని పట్టుకుని దాంతోనే మా అమ్మ ఒంట్లో దాగిన రోగాన్ని వెలికి తీశాడు!

అయినా నా బుద్ధి మారలేదు. శనివారం నేనే ఇద్దాం, మంగళవారం వేసుకున్నదే ఆఖరి మాత్ర, శనివారానికి నాలుగు రోజులవుతుంది, మూడు రోజులు చాలు అంతా పోతుందని ఫ్యాక్టరీలో అందరూ అంటారు, సీటు దక్కుతుంది, అమ్మను ఏదో ఒక మిషతో ఇంకో డాక్టరుకు చూపిద్దాం అనుకున్నాను. అమ్మా, నీ కాళ్ళు చూపించుకుందాం రా అన్నాను. "నాకేటయినాది? నీకు సీటొచ్చీదాక డాక్టరు కాడికి ఎల్లను, దేవుడికి మాటిచ్చినాను" అంది. నా సీటు కోసం ఆమె ఎండిపోతోంది, ఆమె నీళ్ళు అమ్ముకుని నేను సీటు కొనుక్కుంటున్నాను. పైగా ఫోనులో నేను మాట్లాడిన సగం మాటలు విని, కిడ్నీ రోగం తన కూతురికే అనుకుని అమ్మ అన్నం కూడా వండలేకపోయింది.

శుక్రవారం పొద్దున వంటింట్లో మోకాళ్ళ మీద ఉంది. తలుపు అవతల నిలబడి విన్నాను. "నాయనా, నా పిల్లకి ఏ రోగమూ ఒద్దు. దాని పేరున ఏటి రాసి ఉన్నా సరే, అది కొట్టేసి నా పేరున రాయి. నాను ముసలిదాన్ని, నాకు పరవానేదు."

సహోదరులారా, చూశారా! ఆమె రోగాన్ని నా పేరున రాయించింది నేను, ఆమె నా రోగాన్ని తన పేరున రాయమని అడుగుతోంది! సిలువ గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఆ వంటింటి గుమ్మంలో మాత్రమే నాకు అర్థమైంది. లోపలికి వెళ్ళి నేల మీద పడ్డాను. మాత్రలు, సీసా, సంతకం, అన్నీ చెప్పాను, ఏదీ దాచలేదు.

అమ్మ నా గడ్డం పట్టి మొహం పైకెత్తింది. "అయితే నీకు కిడ్నీ జబ్బు నేదా?"

లేదమ్మా, నీకే.

"అమ్మయ్య! స్తోత్రం నాయనా, స్తోత్రం!" అంటూ చేతులెత్తేసింది! తన రోగానికి స్తోత్రం చెప్పింది, సహోదరీలారా! నేను ఏడ్చి ఏడ్చి కొంగు తడిసిపోయాక, అప్పుడు అడిగింది, "ఆ మాత్రలు ఎన్నాళ్ళనించి?" రెండేళ్ళు అన్నాను. వీపు మీద ఒక్కటి వేసింది, గట్టిగానే. ఆ తర్వాత దగ్గరికి లాక్కుంది. "రేపు ఇద్దరం ఎల్దాం. నీ నీళ్ళు నువ్వియ్యి, నా నీళ్ళు నానిస్తాను."

శనివారం అమ్మ ఆదివారం చీర కట్టుకుని వచ్చింది. అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ, తమిళావిడ, నేను చెప్పిందంతా కళ్ళజోడు తీసి విన్నది, బల్లమీద రెండు కప్పులు పెట్టించింది. రెండు కప్పులు, రెండు పేర్లు, రెండు సంతకాలు. అమ్మకు రాయడం సరిగా రాదు, పెన్ను గట్టిగా పట్టుకుని తన పేరు మొత్తం రాసింది. మత్తు పరీక్ష పట్టీని రెండు కప్పుల్లోనూ ముంచారు. అందులో రెండు గీతలు వస్తే మంచిది, ఏమీ లేనట్టు, ఒక గీత తక్కువైతే మత్తు ఉన్నట్టు. అమ్మకు రెండు గీతలు. నాకు ఒకటే. నాలుగు రోజులైనా పోలేదు! నేను తప్పించుకుందామనుకున్న తలుపు అసలు తలుపే కాదు, నోరు మూసుకుని నా కప్పు ఇచ్చి ఉంటే అబద్ధికురాలిగా దొరికేదాన్ని, అమ్మ రోగమూ అలాగే దాగిపోయేది!

"డాక్టరమ్మా, మా పిల్లకి ఒక గీత తక్కువైనాదేటి?" అని అడిగింది అమ్మ. డాక్టరమ్మ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, వస్తుందమ్మా, మెల్లగా వస్తుంది అని తమిళంలో చెప్పింది.

పట్టీ చూపిందే ఆఖరి మాట కాదు. ఒక్కోసారి దగ్గు మందు తాగినా పట్టీ పొరబడుతుందట, అందుకని సీలు వేసిన సీసాను పెద్ద ల్యాబుకు పంపి ఇంకో యంత్రంతో చూస్తారు, ఎవరి మీదా అన్యాయంగా నింద పడకూడదని. నా సీసాలో నింద కాదు, నిజమే ఉంది. ఆ ఏడాది సీటు పోయింది. ఏడ్చాను, అబద్ధం చెప్పను. ఎదురుచూసిన ఉత్తరాన్ని బైబిలులోంచి తీసి కాలేజీకి తిరిగి పంపింది అమ్మే.

ఆ తర్వాత మానేయడానికి సర్కారు క్లినిక్‌కు వారం వారం వెళ్ళాను, ఫ్యాక్టరీ మానేసి అమ్మతోపాటు క్యాంటీన్‌లో గిన్నెలు తోమాను. మొదటి నెలలు చెప్పలేను, ఒంటి మీద చీమలు పాకినట్టుండేది, ఒకసారి ఆ మాత్రకే జారిపడ్డాను కూడా, మళ్ళీ ఒక గీత తగ్గింది. అమ్మ తిట్టలేదు, "లెగు, ఎల్దాం" అంది, అంతే. అమ్మకు చక్కెర వ్యాధి ఎన్నేళ్ళనుంచి ఉందో ఎవరికీ తెలియదు, కిడ్నీలు పాడవుతున్న సమయానికి దొరికింది, ఇంకో ఏడాది ఆగి ఉంటే రక్తం శుద్ధిచేసే యంత్రం పెట్టాల్సి వచ్చేదని పెద్దాసుపత్రి డాక్టరు అన్నాడు. ఇప్పుడు మాత్రలు వేసుకుంటుంది! మాత్ర ఎరగని అమ్మ మాత్ర వేసుకుంటోంది, మాత్ర లేనిదే బతకలేనన్న కూతురు మానేసింది, ఇది ఆయన పని కాక మరెవరి పని!

తర్వాతి ఏడాది అదే కాలేజీకి మళ్ళీ రాశాను, జరిగిందంతా ముందే చెప్పాను, డాక్టరమ్మ నా పరీక్షలన్నీ జతచేసి ఉత్తరం ఇచ్చింది. తీసుకున్నారు! చదువుతుండగా కూడా చెప్పకుండా పిలిచి పరీక్ష చేసేవారు, ప్రతిసారీ సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ ఒకటే అడిగేది, "రెండు గీతలేనా?" రెండేనమ్మా. "స్తోత్రం."

ఇవాళ నేను ఒక ఆసుపత్రిలో నర్సును. కొత్తగా చేరే విద్యార్థులకు, ఉద్యోగులకు కప్పు ఇచ్చే గదిలోనే నన్ను వేశారు, నవ్వుకుంటున్నారా, నేనూ నవ్వుకున్నాను! కప్పు అందుకుని బయటి తలుపు వైపు చూసే పిల్లలు కనిపిస్తారు. పోయిన నెల ఒకమ్మాయి కప్పు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, లోపలికి వెళ్ళదు, బయటికి పోదు. చెల్లీ, చెప్పాల్సింది ఏదైనా ఉంటే కప్పు ఇవ్వకముందే చెప్పు, నేను కూడా ఒకప్పుడు ఇలాగే నిలబడ్డాను అన్నాను. కుర్చీలో కూర్చుని చెప్పింది. నాకు మా వంటింటి గుమ్మం గుర్తొచ్చి కళ్ళు నిండాయి.

ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నీ చేతిలో ఏ కప్పు ఉందో నాకు తెలియదు. ఎవరి భక్తినో అరువు తెచ్చుకుని దాని మీద నీ పేరు అంటించకు, అమ్మదైనా సరే, నేను చేసి చూశాను. ఉన్నది ఉన్నట్టు, నీ పేరుతోనే పట్టుకుని రా. ఆయన చూసి పారబోసేవాడు కాదు. నిన్న కూడా పని నుంచి రాగానే అమ్మ మంచం మీదనుంచే అడిగింది, నాకు పరీక్ష లేని రోజు కూడా అడుగుతుంది, అలవాటైపోయింది: "రెండు గీతలేనా లా?"

రెండేనమ్మా. ఆయనకే మహిమ!