బోర్డుల బాబాయి కెటిల్ బొమ్మ

ఇరవై ఆరేళ్లపాటు ఆ ఊళ్లో నీడ ఎటు పడాలో నిర్ణయించింది సూర్యుడు కాదు, బోర్డుల బాబాయి. మందుల షాపు బోర్డు కానీ, సైకిల్ షాపు బోర్డు కానీ, ఆయన రాసిన ప్రతి అక్షరానికీ కుడిపక్కన, కాస్త కిందకి, నల్లటి నీడ ఉండేది. పొద్దున చూసినా అటే, సాయంత్రం చూసినా అటే. ఆ వీధుల్లో ఎండ సిగ్గుతో తల దించుకుని నడిచేదని చెప్పుకుంటారు. ఇంతవరకూ చెప్పుకోకపోతే ఇప్పుడు చెప్పుకోండి.

యాభై రెండో ఏట ఆయనకో కోరిక పుట్టింది. ఎవరూ ఆర్డరు ఇవ్వని బొమ్మ ఒకటి, ఉన్నదున్నట్టు, రంగుల్లో వెయ్యాలని. వెళ్లి ఆదివారం పొద్దుటి డ్రాయింగు క్లాసులో చేరాడు. మాస్టారికి ముప్పై నిండలేదు గానీ ఆయన నియమం మాత్రం నూరేళ్లది. ఒక్క పెన్సిల్ బొమ్మయినా నచ్చి ఆయన మూలన సంతకం పెడితేగానీ రంగు ముట్టుకోకూడదు. డబ్బాలకి డబ్బాలు రంగు తాగిన చేతికి పెన్సిల్ ముక్క ఇచ్చి కూర్చోబెట్టారు. నెలాఖరుకి సంతకం పడకపోతే రంగుల తరగతి మళ్లీ ఏడాదికే.

ఇంట్లో ఉన్న సొట్టల కెటిల్‌ని స్టూలు మీద పెట్టి మూడు వారాలు గీశాడు. మూడుసార్లూ బొమ్మ సంతకం లేకుండా తిరిగొచ్చింది.

“బాబాయ్ గారూ, ఇది కెటిలా, కెటిళ్ల షాపు బోర్డా?” అన్నాడు మాస్టారు. “చుట్టూ ఈ నల్ల గీత మీకెక్కడ కనబడింది?”

“గీత లేకపోతే రోడ్డు అవతలనుంచి కనబడదండి.”

“రోడ్డు అవతల ఎవరున్నారండీ?”

బాబాయి కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితానికి చిల్లి పెట్టాడు. చూస్తుండగానే చివరి శనివారం వచ్చేసింది. ఆయన భార్య, అందరికీ పిన్ని, కుట్టుమిషను ముందు సూదిలో దారం ఎక్కిస్తూ ఆ బొమ్మ వంక ఓ చూపు చూసింది.

“కిటికీ ఎటుందండీ?”

“కుడిపక్క.”

“మరి నీడ ఎటేశారు?”

“కుడిపక్కే” అనేసి నాలుక్కరుచుకున్నాడు.

చెరిపి ఎడమకి వెయ్యబోయాడు. చెయ్యి వింటేనా? పెన్సిల్ మొన తనంతట తనే కుడికి జారిపోతోంది. విసుగొచ్చి పెన్సిల్ బల్లమీద పడేశాడు.

“నా వల్ల కాదే. ఈ చెయ్యి బోర్డులకే పుట్టింది.”

“చెయ్యి మార్చుకోలేరు. గోడ పగలగొట్టి కిటికీ మార్చలేం. స్టూలుకేం రోగం?” అంటూ పిన్ని లేచి, స్టూలుని ఎదుటి గోడ దగ్గరికి ఈడ్చి, ఆయన కుర్చీని కూడా అటు తిప్పింది. కిటికీ ఎడమచేతివైపుకి వచ్చింది. నీడ బుద్ధిగా కుడికి వెళ్లి కూర్చుంది.

“ఇది మోసం కాదూ?”

“కెటిల్ గియ్యమన్నాడు గానీ ఎక్కడ పెట్టుకోవాలో చెప్పాడా ఆ అబ్బాయి?”

చేతితో పేచీ తీరాక కంటికి తీరిక దొరికింది. అప్పుడు చూశాడు బాబాయి. నీడంతా ఒకే నలుపు కాదు. కెటిల్ అడుగున చిక్కగా ఉంది, దూరం పోయేకొద్దీ పలచబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా కింద పరిచిన తెల్లగుడ్డలో కలిసిపోయింది. ఆ గుడ్డ వెలుగే కాస్త కెటిల్ చీకటి పొట్టమీదికి ఎగబాకింది. మూతా, వెనక గోడా ఒకే బూడిదరంగులో ఉన్నచోట అసలు గీతే లేదు. లేని గీతని గియ్యకుండా వదిలెయ్యడానికి ఆయనకి గంట పట్టింది.

ఆదివారం ఆ కాగితం చేతికందగానే మాస్టారు కొయ్యబారిపోయాడట. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడట, పావుగంట మాట పెగల్లేదట, క్లాసు క్లాసంతా కుర్చీలు వదిలి లేచి నిలబడిందట. ఈ ముక్క చెవిన పడ్డప్పుడల్లా బాబాయి పెన్సిల్ చెక్కుకుంటూ, తలెత్తకుండా అంటాడు:

“పావుగంటా లేదు, ఏమీ లేదు. ‘మూత వంకరగా ఉంది’ అని సంతకం పెట్టాడు. చూశాను, వంకరే.”