పెళ్లి లడ్లూ, చెప్పని కారణమూ

నేతిలో లవంగాలు చిటపటమంటే చాలు, ఇప్పటికీ నా చేతులు వాటంతటవే ఏప్రాన్ కిందికి పోతాయి. వెంటనే రూతమ్మగారు గుర్తొస్తారు. మీరెవరూ ఆమెను చూసుండరు. ఈ పరాయి దేశంలో, కమ్మింగ్ అనే ఊళ్లో మనవాళ్ల మిఠాయి వంటింట్లో పెద్ద వంటావిడ. నరసాపురం వైపు మనిషి. ఆదివారం తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. నాకు సంతకమే కష్టం, అందుకే ఇది నోటితో చెప్పి రాయిస్తున్నాను.

మా ఆయన పోయాక నేను చేరిన మొదటి పని అది. చేరిన రోజు ఓనరమ్మాయి ఒక కాగితం మీద సంతకం పెట్టమంది. అందులో ఏముందని రూతమ్మగారిని అడిగాను.

“ఎట్-విల్ అంటారే. వాళ్లకి వద్దనిపిస్తే ఏ రోజైనా పొమ్మంటారు, ఎందుకో చెప్పక్కర్లేదు. నీకు వద్దనిపిస్తే నువ్వూ అంతే, ఏ రోజైనా పోవచ్చు.”

“నేనెక్కడికి పోతానండీ!” అని నవ్వేశాను. పొమ్మంటారన్న సంగతి చెవికెక్కనే లేదు.

ఒక పెళ్లి ఆర్డరుకి లడ్లు చుడుతున్నాను. పెళ్లికూతురి తల్లి వచ్చి, రుచి చూసి, నా బోసి మెడకేసి ఒకసారి చూసి వెళ్లింది. మధ్యాహ్నం ఓనరమ్మాయి పిలిచి, “ఆంటీ, రేపట్నుంచి రావద్దు. సారీ” అంది. ఎందుకమ్మా అంటే, “రీజన్ అంటూ ఏం లేదాంటీ” అని ఫోన్ ఎత్తుకుంది.

లేదంటే నేను ఊరుకున్నానా? నేనే వెతుక్కున్నాను. ముండమోపి చెయ్యి పెళ్లి లడ్డూ మీద పడింది, ఇంకేముంటుంది! సిగ్గుతో తల దించేసుకున్నాను. “అవి పారేయించండి, నా వల్ల ఆ పిల్ల కాపురం...” అన్నాను రూతమ్మగారితో.

ఆమె గరిటె పక్కన పెట్టారు. “ఎవరన్నారే ఆ మాట?”

“ఎవరూ అన్లేదండీ.”

“వాళ్లు అనని మాట నువ్వే అనేసుకుని, మొహానికి పూసుకుంటున్నావా? నిజంగా అందుకే అయితే సిగ్గు పడాల్సింది వాళ్లు.”

నేను చుట్టిన లడ్డూ ఒకటి నోట్లో వేసుకుని, తిన్నగా ఓనరమ్మాయి దగ్గరికి నడిచారు. “ఆవిణ్ణి ఎందుకు తీసేశావమ్మా?”

“చెప్పక్కర్లేదు కదా ఆంటీ.”

“సరే. నేనూ చెప్పక్కర్లేదుగా.” ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టారు. బూందీ పాకంలోనే ఉండిపోయింది.

నన్ను ఇంటిదగ్గర దింపడానికి ఆమే డ్రైవ్ చేశారు. నా మూలాన మీ పని కూడా పోయిందని ఏడిచాను. “నా పని సంగతి నేను చూసుకుంటా గానీ, ముందు ఆ చేతులు బయటికి తియ్యి” అన్నారు. అప్పుడు చూసుకున్నాను, చున్నీలో చుట్టేసుకుని ఉన్నాయి. తియ్యలేకపోయాను.

ఆమె ఇప్పుడు నోవై అనే ఇంకో ఊళ్లో కూతురి దగ్గరున్నారు. నేను ఇంకో వంటింట్లో అదే మాదిరి కాగితం చదివించుకుని, అర్థం చేసుకుని సంతకం పెట్టాను. ఇవాళ పెళ్లివాళ్లు వచ్చారు. చేతులు ఏప్రాన్ కిందికి పోయాయి. నా మీద నాకే సిగ్గేసింది. తీశాను. వాళ్ల ముందే లడ్డూ చుట్టాను. గుండ్రంగానే వచ్చింది.