పసుపు చీర, రాములు మామ బొటనవేలు

గద్వాలలో చీరను పాడుచేయడానికి చాలా మార్గాలున్నాయి. నూనె ఒలకబోయొచ్చు, ఎలుకలకు వదిలేయొచ్చు. నేను అవేవీ చేయలేదు. కంప్యూటర్‌ను, చెట్టు ఆకును, వంటింటి పసుపును కలిపి, మా చిన్నాయన ఇరవై రోజులు నేసిన చీర పరువు ఒక్క నిమిషంలో తీశాను. ఎలాగో చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మా వీధివాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

రెండువేల ఐదో ఆరో అనుకుంటా. నాకు ఇరవై రెండేళ్లు. హైదరాబాద్‌లో మూడు నెలలు కంప్యూటర్ డిజైనింగ్ నేర్చుకుని వచ్చి, ముప్పై ఏళ్లుగా మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న చిన్నాయనకు నేత గురించి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. పాపం, ఆయన తలాడిస్తూ వినేవాడు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో చేనేత దుకాణం నడిపే మేడమ్ ఒకావిడ మా ఇంటికి వచ్చింది. "రసాయనాలు లేని రంగు, ప్రకృతిలోంచి వచ్చిన డిజైన్ కావాలి. అలాంటి చీర ఒక్కటి నేసి చూపించండి. నచ్చితే మీ రెండు మగ్గాలకూ ఏడాదంతా పని ఇస్తాను" అంది. అప్పటికి నెలన్నరగా మా మగ్గాలు ఖాళీ. చిన్నాయన మహారాష్ట్రలోని భీవండి పోయి బట్టల మిల్లులో చేరతానని రోజూ అంటున్నాడు. ఆ మాట వచ్చిన ప్రతిసారీ చిన్నమ్మ తిండి మానేస్తోంది.

"జర ఆలోచన చేసి చెప్తం మేడమ్" అన్నాడు చిన్నాయన.

"ఆలోచనెందుకు చిన్నాయనా? నేను లేనా!" అన్నాను. కొంపలు ముంచే మాటలు ఎప్పుడూ ఇంత పొట్టిగానే ఉంటాయి.

మల్దకల్ దారిలో ఓ మోదుగాకు తెంపుకుని, నేరుగా ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, స్కానర్ అద్దం మీద పెట్టి మూత గట్టిగా నొక్కాను. సెంటరతను పరుగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా గిది? అద్దం మీద పచ్చడి నూరుతున్నవా?"

"ఇది జీవశాస్త్రం తమ్మీ. నీకు తెల్వదు."

"తెల్వకుంటె మాయె గని, అద్దం తుడిచి పో."

తుడిచాను. కానీ ఆ ఆకు తెర మీద ఎంత అందంగా వచ్చిందో! నరం నరం విడివిడిగా కనిపించింది. దాన్ని గళ్లలోకి మార్చి, ఏ దారం ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల జకార్డు అట్టలు కొట్టించి తెచ్చాను. అంచులో మొదటి ఆకు తేలిన రోజు చిన్నాయన మగ్గం ఆపి చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లు ఆకులు నేసినం గని, ఆకును సక్కగ సూసింది లేదు బిడ్డా" అన్నాడు. అంత సంతోషం నాకు ఆ తర్వాత మళ్లీ కలగలేదు.

ఇక రంగు సంగతి. అది నేతకు ముందే అయిపోయింది. చీర ఒంటికి ఏ పసుపు వాడాలో కంప్యూటర్ తెర మీద సగం రోజు వెతికి, ఒకటి తేల్చాను. ఆ రంగు రావడానికి నూలును ఏకంగా వంట పసుపులోనే ఉడికించాలన్నాను. చిన్నమ్మ చేతిలో చాట పట్టుకుని ఆగిపోయింది.

"పసుపా? సీనయ్యా, పసుపుకు గట్ల..."

"చిన్నమ్మా, ఇది లెక్క ప్రకారం జరిగే పని. నీకు అర్థం కాదు."

ఆమె చాట చంకన పెట్టుకుని లోపలికి వెళ్లింది. అప్పుడే నా నోటికి ఎవరైనా తాళం వేసి ఉంటే ఎంత బాగుండేదో.

మేడమ్ వచ్చే రోజు పొద్దున చీర మగ్గం దిగింది. మా దగ్గర కొత్త రకం చీర దిగితే వీధి పెద్దలు వచ్చి, అంచు పట్టుకుని, బొటనవేలితో రుద్ది నేత ఎలా ఉందో చెప్పాలి. పక్కింటి రాములు మామ ఆ విద్యలో ఆరితేరినవాడు. అరచేతిలో తంబాకు, సున్నం నలుపుకుంటూ వచ్చాడు. తంబాకు దవడన పెట్టుకుని, చీరను రుద్ది, "బాగ కుదిరింది" అన్నాడు.

ఆయన వేలు తీసిన చోట ఎర్రటి మచ్చ.

"మామా, నీ వేలుకు రక్తమొస్తున్నదా?"

"నాకేం రక్తంరా?" అంటూ ఇంకోచోట రుద్ది చూశాడు. అక్కడా ఎరుపే. "గిదేందిరా, గీడ సుత ఉన్నది!" అంటూ మూడోచోట రుద్దాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లాగేసరికి అయిదు మచ్చలయ్యాయి.

చిన్నమ్మ బయటికి వచ్చి చూసింది. "దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎట్ల జేస్తరు సీనయ్యా? పసుపుల సున్నం కలిపి గాదా? నువ్వు పట్నం నుంచి వచ్చిన్నాడు నీకు తిప్పింది గవే నీళ్లు."

పుట్టినప్పటి నుంచీ నా ముఖం చుట్టూ తిరిగిన శాస్త్రం నా తలలోకి మాత్రం వెళ్లలేదు.

చిన్నమ్మే నిమ్మకాయ కోసి పిండింది. మచ్చలు చూస్తుండగానే పసుపయ్యాయి. నేను గంతులేశాను. "ఇంక పరేషాన్ లేదు! మేడమ్‌కు ఎవరూ చెప్పొద్దు!"

చిన్నాయన నెమ్మదిగా అడిగాడు. "రేపు కొన్నామె సబ్బు పెట్టి ఉతుకుతె?"

సబ్బు కూడా సున్నంలాగే చేస్తుందన్నట్టు చిన్నమ్మ తలాడించింది.

"భీవండి పోతె పోత గని, నా చీరె ఒకరింట్ల అబద్ధం ఆడొద్దు" అన్నాడాయన.

మేడమ్ రాగానే ఆమె ముందే సబ్బునీళ్లు చల్లి చూపించాడు. చీర ఎర్రబడింది. నా ముఖం ఇంకా ఎర్రబడింది. చిన్నమ్మ తలుపు చాటున నిలబడింది.

"ఆకు ఎవరు చేశారు?" అంది మేడమ్.

"మా పోరడు."

"రంగు?"

"గదీ వాడే. పసుపొద్దని మా ఇంటామె జెప్పంగ ఇనలే."

మేడమ్ పకపకా నవ్వింది. "ఆకు ఉంచండి. రంగు సంగతి మాత్రం లోపలున్న అమ్మను అడగండి. దోషం చెప్పి అమ్మేవాళ్లను నేను వదులుకోను. పని మొదలుపెట్టండి."

చిన్నాయన భీవండి పోలేదు. చిన్నమ్మ దానిమ్మ తొక్కలతో కొత్త రంగు తీసింది. సున్నం, సబ్బు, చింతపండు అన్నీ పూసి చూశాకే నూలు ముంచనిచ్చింది. ఆ పసుపు చీరనేమో ఆమే ఉంచుకుంది. అమరచింతలో చెల్లెలి ఇంటికి పసుపు చీరగా కట్టుకెళ్లి, వచ్చాక సున్నపు తేటనీళ్లలో ముంచి, మరుసటి నెల ఎర్ర చీరగా కట్టుకెళ్లింది.

"మళ్ల కొత్త చీరెనా అక్కా?" అందట చెల్లెలు.

"మా సీనయ్య పెద్ద సదువు సదివిండు చెల్లె. ఒక్క చీరెల రెండు చీరెలు నేయించిండు!"

కనుక పాఠకులారా, మౌస్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చిన్నమ్మ అనుమతి లేకుండా దారానికే కాదు, మజ్జిగ చారుక్కూడా పసుపు వేయను.