మూత కింద ఎర్ర దారం

నాకు పని నేర్పిన ఉస్తాద్ పోయాడని చెరువులో పడవలు తిప్పే కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. "దవాఖానల్నే పానం పోయిందన్నా" అన్నాడు. సరే అని పెట్టేశాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. బతికున్నవాళ్ల గురించి ఆయన నోట ఒక్క మంచి మాట రాలేదు కనక, నాకూ ఆ మర్యాద అక్కర్లేదు.

కొత్తవాడలో మగ్గాల చప్పుడు మధ్య ఆయన రేకుల షెడ్డు. వరంగల్ చుట్టుపక్కల చెరువుల్లో ఏ పాత పడవ మోటరు మొరాయించినా అక్కడికే వచ్చేది. ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేశాను, ఆరేళ్లూ తిట్లు తిన్నాను. స్పార్కు రావడం లేదంటే నేను కాయిల్ విప్పబోయేవాణ్ని. పానా నా వేళ్ల మీద పడేది. "కొత్త సామాను మీదికి ఉరుకుతానవేందిరా? ముందుగాల ఎర్త్ సూడు" అనేవాడు. చూస్తే నిజంగానే ఎర్త్ వైరు కొసకు పచ్చగా చిలుము పట్టి ఉండేది. గీకి బిగిస్తే మోటరు స్టార్టయ్యేది. ప్రతిసారీ ఆయన మాటే నిజమయ్యేది. ఆయన మీద నాకు మొదట కోపం పుట్టింది అందుకే.

ఆయనకో చాదస్తం ఉండేది. పాత మోటర్లను ఆపడానికి ఒక బటన్ ఉంటుంది. ఆ బటన్ వైరు లోపల ఎక్కడైనా బాడీకి తగిలితే, బటన్ నొక్కినట్టే అయి స్పార్కు రాదు. అందుకని పరీక్షించేటప్పుడు ఆ వైరును ఊడదీయాలి. ఊడదీసిన వెంటనే ఆయన దానికి ఎర్ర దారం కట్టేవాడు. పక్కింటి జంపఖానాల మగ్గం దగ్గర మిగిలిన నూలు. వైరు మళ్లీ బిగించి, బటన్‌తో మోటరును మూడుసార్లు ఆపి చూసి, అప్పుడు దారం కోసేవాడు. "దారం ఉన్నదంటే పని కాలేదన్నట్టు" అనేవాడు. మతిమరుపు ముసలాయనకు దారం కావాలి, నాకెందుకని నవ్వుకునేవాణ్ని.

ఒకరోజు ఆయన ఊళ్లో లేనప్పుడు, చెరువు గట్టు మీదే ఒక మోటరు నేను చూశాను. బటన్ వైరు ఊడదీయగానే స్టార్టయింది. ఆ సంబరంలో వైరు మళ్లీ బిగించకుండానే మూత పెట్టేశాను. దానికి గేరు లేదు, బటన్ నొక్కితేనే ఆగాలి. పడవ నడిపే తాత ఒడ్డు దగ్గర బటన్ నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు. పడవ పోయి రాతిమెట్లకు కొట్టుకుంది. తాత కాలు విరిగింది.

మర్నాడు ఉస్తాద్ వచ్చి అందరి ముందూ అన్నాడు: "వీని చేతికి మోటరు ఇచ్చినోడు నా షెడ్డు గడప తొక్కద్దు." పదకొండేళ్లు ఎవరూ ఇవ్వలేదు. మిక్సీలు, కూలర్లు బాగుచేసుకుంటూ బతికాను. కాలు అతుక్కున్నాక తాత నన్ను క్షమించి, నాతో చాయ్ కూడా తాగాడు. ఈయన మాత్రం రోడ్డు మీద ఎదురైతే నా వెనకున్న గోడను చూసేవాడు. తప్పు నాదే. అయినా శిక్షకు ఒక హద్దుండాలి. ఆ మాట ఆయన మొహం మీదే అనాలనుకున్నాను. ఆ అవకాశమూ ఇవ్వకుండా పోయాడు.

దినాలకు నేను పోలేదు. తర్వాత ఆయన భార్య కబురు పెడితే వెళ్లాను. ఆమెను నేను అమ్మ అంటాను. షెడ్డులో స్టాండుకు ఒక మోటరు బిగించి ఉంది.

"కాంట్రాక్టర్ నిన్నే సూడుమంటాండు బిడ్డా. ఇంకెవ్వలకు రాదట" అంది.

"ఉస్తాద్ ఒప్పుకునేటోడా అమ్మా?"

"యాడ ఒప్పుకుంటడు? దవాఖానల గూడ నిన్నే తిట్టిండు. మోటరు సగంల ఉన్నది, వానికిస్తె దారం సూడకుంటనే మూత పెడ్తడు అన్నడు."

మూత ఎత్తాను. బటన్ వైరుకు ఎర్ర దారం ఉంది. ముడి వదులుగా ఉంది, చేతులు వణికి ఉంటాయి. ముందు ఎర్త్ చూశాను. అది బాగానే ఉంది. బటన్ వైరే ఒకచోట ఒరిసిపోయి బాడీకి తగులుతోంది. అక్కడ తొడుగు ఎక్కించి, వైరు బిగించాను. మోటరును నీళ్ల డ్రమ్ములో నడిపి, మూడుసార్లు బటన్ నొక్కాను. మూడుసార్లూ ఆగింది. అమ్మ బ్లేడు తెచ్చి ఇవ్వబోయింది. వద్దన్నాను.

ఆ మోటరు ఇప్పుడు చెరువులో తిరుగుతోంది. మూత కింద ఎర్ర దారం అలాగే ఉంది. చూస్తే నన్ను తిట్టేవాడు. తిట్టాలనే ఉంచాను.